నల్లోడి పరుగు

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం. పాడేరు ఏజెన్సీలో ఒకే ఊరు, ఒకే ఆశ్రమ పాఠశాల, ఇప్పుడు విశాఖలో ఒకే హాస్టల్ గది. ఊళ్ళో నల్లోడు అని ఒక కుక్క ఉంది. పేరుకి మామ్మది, తిండి మాత్రం ఊరందరి ఇళ్ళల్లో. మేము ఐదో తరగతిలో ఉన్నప్పుడు అది పిల్ల. సెలవులైపోయి జీపెక్కిన ప్రతిసారీ కల్వర్టు దాకా వెనకాలే పరిగెత్తుకొచ్చేది. జీపు వెనక సీట్లో ముక్కు చీదుకుంటూ మేం ఆఖర్న చూసేది దాన్నే.

మా చిన్నప్పటి ఫొటోలు రెండే రకాలు. ఒకటి స్కూలు గ్రూపు ఫొటో, రెండోది స్కాలర్‌షిప్ కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు. వలిసె పూల దగ్గర నిలబెట్టి టూరిస్టులు తీసినవి వాళ్ళ ఫోన్లలోనే పోయాయి. నల్లోడి పరుగు ఎక్కడా లేదు. అందుకే ఈ సంక్రాంతికి ఎలాగైనా తీయాలనుకున్నాం. దానికి పదేళ్ళు దాటాయి, వెనక కాలు ఈడుస్తోంది.

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం కోసేసిన వరి మడిలో తీశాం. ఎండకి నేల తెల్లగా మండిపోయింది, నల్లోడు బొగ్గుముక్కలా పడ్డాడు. కళ్ళు లేవు, మూతి లేదు. పైగా పరిగెత్తించినందుకు మామ్మ తిట్లు.

"ముసిలి కుక్కని పరిగెట్టిస్తారా? మీకు బుద్దుందేట్రా?"

నిజమే. ఆ తర్వాత నల్లోడి జోలికి పోలేదు. ఊళ్ళో కుర్రకుక్కలు బోలెడు, వాటి మీద నేర్చుకున్నాం.

మంచు కురిసే పొద్దు మేలని రెండో రోజే తెలిసింది. మంచులో వెలుగు ఒక పక్క నుంచి కాదు, అన్ని పక్కల నుంచీ వస్తుంది. నీడ గట్టిగా పడదు, నల్ల బొచ్చులో వెంట్రుక కూడా కనబడుతుంది. కానీ ఫోను తెల్లటి మంచుని చూసి మొత్తం బొమ్మని చీకటి చేసేస్తుంది. కుక్క మీద వేలు నొక్కి, ఆ సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపాలి. మరీ తెల్లవారుజామునైతే వెలుగు చాలదు. పరిగెత్తే కుక్క కదలకుండా పడాలంటే షట్టర్ 1/1000 దాకా పెట్టాలి, అప్పుడు ఐ.ఎస్.ఓ. పెరిగిపోయి బొమ్మంతా చోడిపిండి చల్లినట్టు గరగరలాడుతుంది. మంచు పలచబడి, ఎండ ఇంకా దిగని అరగంట ఉంటుంది చూడండి, అదే అసలు టైము.

గట్టు మీద బోర్లా పడుకుని, కుక్క వచ్చే చోట గడ్డిదుబ్బు మీద ముందే ఫోకస్ బిగించి ఉంచేవాళ్ళం. చొక్కాలన్నీ బురదే. 1878లో మైబ్రిడ్జ్ అనే ఆయన పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయని ఫొటోలతో చూపించాడు, తర్వాత కుక్కల్నీ తీశాడు. మా ఊరి కుక్కలూ అంతే. కాళ్ళు కడుపు కిందకి ముడుచుకున్నప్పుడు ఒకసారి, బారుగా చాచినప్పుడు ఇంకోసారి గాల్లో తేలాయి. వరసగా ఇరవై ముప్పై నొక్కితే ఒక్కటి దక్కేది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న మంచు దిగే ఉంది. జీపు కదిలింది. మేం పిలవలేదు, అదే లేచి వచ్చింది. మాలో ఒకడు ఫోను తీశాడు. వెలుగు తక్కువ, షట్టర్ 1/60 కన్నా పెంచడానికి లేదు. అయినా జీపూ కుక్కా ఒకే వేగంతో పోతున్నాయి కదా, దాని మొహం నిలిచింది. కాళ్ళు, రోడ్డు, పక్కన కాఫీ తోటల సిల్వర్ ఓకు చెట్లు మాత్రం గీతలైపోయాయి. గతుకులకి సగం ఫొటోలు పాడయ్యాయి. ఇద్దరు వాడి నడుం పట్టుకుని కూర్చున్నాం.

నల్లోడు కల్వర్టు దాకా రాలేదు. దానికి ఎంతో ముందే, చింతచెట్టు దగ్గర ఆగిపోయాడు. డ్రైవరన్నని ఆపమందామా అని ముగ్గురికీ నోటిదాకా వచ్చింది, ఎవరమూ అనలేదు. ఆగిన తర్వాతిది ఒక్క ఫొటో ఉంది, మంచులో చిన్న నల్లచుక్క. అది ఎవరికీ చూపించలేదు.

పరుగుది ప్రింటు తీయించి శివరాత్రికి పట్టుకెళ్ళాం. నల్లోడు అరుగు మీద పడుకుని తోక మాత్రం ఊపాడు. మామ్మ ఫొటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"కాళ్ళేవర్రా దీనికి?"

పరిగెడితే అలాగే పడతాయని చెప్పాం. మా కోసం ఎలా వచ్చిందో చూడమన్నాం.

"మీ కోసమేటి! చిన్నప్పుడు జీపులోంచి బిస్కట్లు ఇసిరేవోళ్ళు కాదేటి" అని నవ్వి, ఫొటోని రేషన్ కార్డు పెట్టే సంచిలో దాచింది.