వెనక రేకు

మా ఊళ్ళో మా జీపు గురించి ఎవరిని అడిగినా దాని ముందు భాగం గురించే చెబుతారు. నాన్న దాన్ని కొని ఊళ్ళోకి తెచ్చిన రోజు రేడియేటరు ముందు కొట్టిన కొబ్బరికాయ, ఎంత రేగడి బురదలో దిగబడినా నాలుగు చక్రాలతో లాక్కుని బయటపడే ఇంజను, స్టీరింగు పట్టుకున్న నాన్న చెయ్యి. నేనూ అలాగే చెప్పేదాన్ని. 2024 వేసవిలో వెనక రేకులోంచి నా కాలు కిందికి దిగిపోయేదాకా ఆ జీపుకి వెనక భాగం కూడా ఒకటుందని నేను ఆలోచించలేదు.

అది 1989లో తయారైన మహీంద్రా ఎం.ఎం. 540. ప్యూజో డీజిల్ ఇంజను. నాన్న 1993లో సెకండ్ హ్యాండులో కొన్నారు. సొంత బండి రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. నాన్న పోయాక ఆ గడువు దగ్గరపడింది. పాత ఇనుముకి అమ్మేద్దామంది అమ్మ. బాగు చేయిస్తానన్నాను నేను.

నిజం చెప్పాలంటే అప్పటికే నా మనసులో ఒక వ్యాసం సిద్ధమైపోయింది. తండ్రి బండిని కూతురు తన చేతుల్లోకి తీసుకోవడం, మగవాళ్ళు తప్ప ఎవరూ కనబడని షెడ్డులో అడుగు పెట్టడం, స్పానర్ల పేర్లు నేర్చుకోవడం. మనందరికీ అలవాటైన, అవసరమైన వ్యాసమే అది. దాన్ని ఎందుకు రాయలేకపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పర్చూరు దగ్గర. 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా నేల అదే, నల్లరేగడి. పంటలూ అవే, పత్తి, మిరప. జీపుని చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. టింకరు మేస్త్రి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, "సారెవరూ రాలేదా మేడమ్?" అని అడిగారు. రాలేదన్నాను. ఆయన చిన్న సుత్తి తీసుకుని వెనక రేకునంతా కొట్టి చూసుకుంటూ పోయారు. బాగున్న చోట గంగుమంది. చాలా చోట్ల అట్ట మీద కొట్టినట్టు చప్పుడు. కొన్ని చోట్ల సుత్తి లోపలికే పోయింది.

ముందు చిరిగిన రబ్బరు మ్యాటు తీశారు. దాని కింద ఉబ్బి చీకిపోయిన ప్లైవుడ్ చెక్క. చెక్క కింద నాన్న ఎప్పుడో వేయించిన రెండో రేకు. ఆ రేకు కింద అసలు రేకు. దాన్ని ఇక రేకు అనడానికి లేదు, ఎర్రటి పొరలుగా చేతిలోకి వచ్చేసింది. "పాతదాన్ని కొయ్యకుండా దాని మీదే కొత్తది అతికించారు మేడమ్. రెంటి మధ్యా తడి చేరింది. పైకి బాగానే కనబడుద్ది, లోపల తినేస్తా ఉంటది" అన్నారు మేస్త్రి. అడుగున రేకుని మోసే అడ్డఛానళ్ళ నిండా గట్టిపడిన మట్టి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేగడి పెళ్ళలు రాలాయి. వాటిలో మిరప గింజలు, పత్తి పింజలు, ఎరువు సంచి దారాలు.

ఇనుము తుప్పు పట్టడానికి నీరూ గాలీ చాలు. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా తినేస్తుంది. చీరాల వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి కొంత కారణం కావచ్చు. అంతకంటే ఎక్కువ మేం చేతులారా పోసిందే. పొటాష్ ఎరువంటే పొటాషియం క్లోరైడ్, మనం తినే ఉప్పుకి దగ్గరి చుట్టం. యూరియా గాలిలోని తేమని లాక్కుంటుంది. చినిగిన సంచుల్లోంచి రాలిన ఎరువు, స్ప్రేయర్ల నుంచి ఒలికిన నీళ్ళు మ్యాటు కిందికి చేరితే ఆరే దారి లేదు. 1997-98లో పత్తికి శనగపచ్చ పురుగు పట్టినప్పుడు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ డబ్బాలు వచ్చింది కూడా ఆ రేకు మీదే. ఆ పంటకాలంలో వరంగల్ నుంచి గుంటూరు దాకా అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. ఇవన్నీ నాకు తెలుసు. చదివాను, క్లాసులో చెప్పాను. ఆ డబ్బాల పక్కనే, అదే రేకు మీద, మనుషులు కూర్చుని వచ్చేవాళ్ళన్న సంగతి మాత్రం ఆ మిరప గింజల్ని చూసేదాకా గుర్తు రాలేదు.

ఆ మనుషులు ఆడవాళ్ళు. పత్తి తీతలకీ, ఆ తర్వాత ఏప్రిల్ దాకా సాగే మిరప కోతలకీ తెల్లవారకముందే వాడకి వెళ్ళి ముఠాని ఎక్కించుకొచ్చేది జీపు. పక్క బల్లల మీద ఆరుగురు, మధ్యలో రేకు మీద ఇంకా అంతమంది, వాళ్ళ ఒళ్ళో అన్నం క్యారేజీలు. ఒక్కోరోజు సాయంత్రం వాళ్ళతోపాటు మిరప టిక్కీలు. ముందు సీట్లో నాన్న. సెలవులైతే ఆయన పక్కన నేను.

వెనక రేకులో ఎడమ మూలన ఒక కన్నం ఉండేది. జీపు ఖాళీగా వస్తున్నప్పుడు నేను వెనక్కి వెళ్ళి, బోర్లా పడుకుని, ఆ కన్నంలోంచి కింద పరిగెత్తే నేలని చూసేదాన్ని. తారురోడ్డు, మట్టి, కాలవ గట్టు, మళ్ళీ తారురోడ్డు. నా చిన్నతనంలో నాకంత ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. పెద్దయ్యాక దాని మీద కవిత కూడా రాశాను. అందులో దాన్ని కిటికీ అన్నాను.

మేస్త్రి నాకు రెండు దారులు చెప్పారు. ఉన్నదాని మీద ఇంకో మందపాటి ప్లేటు వేసి బోల్టులు బిగిస్తే రెండు రోజుల్లో అయిపోతుంది. లేదా మొత్తం కోసి కొత్తది వెయ్యాలి. ఒక రోజు ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆ సాయంత్రం పాత సంగతులు మాట్లాడుకుందామని మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాను. మా చేలకి ముఠాని కట్టి తీసుకొచ్చింది ఆమే. ఇప్పుడు అరవై దాటాయి. చిన్నప్పుడు ఆమెని పేరు పెట్టి, 'నువ్వు' అని పిలిచేదాన్ని. ఆమె నన్ను 'అమ్మాయిగారూ' అనేవారు. అమ్మ వయసు మనిషిని పదేళ్ళ పిల్ల అలా పిలవడంలో ఉన్నది కులమని నాకు యూనివర్సిటీకి వెళ్ళాక గానీ తెలియలేదు. ఆ రోజు 'మీరు' అన్నాను. ఆమె నవ్వారు. "కొత్తగా ఈ మీరేంది అమ్మాయిగారూ, ఎవరన్నా వింటే నవ్వుతారు" అన్నారు.

కన్నం గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేం! దానికి అటో కాలు, ఇటో కాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. కునుకు పడితే కాలు జారుద్దని ఒకళ్ళనొకళ్ళం పొడుచుకుంటా వచ్చేవాళ్ళం. ఒకనాడు మా చిన్నదానికి మడమ కోసుకుపోయింది. పని మానితే కూలి పోద్దని ఆ కాలుతోనే చేలో దిగింది. కాయలు కోసిన చేత్తోనే నేను కట్టు కట్టా. ఆ మంటకి అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మీ నాయనగారికి రెండేళ్ళు చెప్పాం. మూడో యేడు రేకు కొట్టించారు, టిక్కీలు చినుగుతున్నయ్యని."

నాకు మాట రాలేదు. ఆమె కోపంగా చెప్పలేదు. వాన పడింది, పంట పోయింది అన్నట్టు చెప్పారు. నేనే తల వంచుకున్నాను.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ని నేను విద్యార్థులకి చాలాసార్లు చెప్పాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాల్ని వాళ్ళ మాటల్లోనే వినిపించిన పుస్తకం. ఆ పోరాట చరిత్ర రాసినవాళ్ళు ఈ స్త్రీలని ఎందుకు అడగలేదని క్లాసులో కోపంగా అనేదాన్ని. మా ఊరి చివర వాడలోనే ఉన్న మనిషిని నేను ముప్ఫై ఏళ్ళు అడగలేదు. అనుభవమే ప్రమాణం అంటాం మనం. ఎవరి అనుభవం అన్న ప్రశ్నని ఆడా మగా దగ్గర ఆపేస్తే నాకు సుఖంగా ఉంటుంది. నాన్న నాకు స్టీరింగు ఇవ్వలేదు, నిజమే. కానీ నేను కూర్చున్నది ముందు సీట్లో. దళిత స్త్రీలు ఈ మాట చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. 'నల్లపొద్దు' నా అల్మారాలో ఉంది. చదివాను కూడా. మా జీపు దాకా తెచ్చుకోలేదు.

ఒక కన్నానికి ఇంత ఆలోచనా అనిపించవచ్చు. 2020 మే 14న మాకు దగ్గర్లోనే, ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరప కోతల నుంచి ఇళ్ళకి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. తొమ్మిది మంది చనిపోయారు. చేనుకి వెళ్ళి రావడం కూడా ఆ పనిలో భాగమే. ఆ భాగానికి కూలి ఉండదు, దాన్ని పని అని కూడా ఎవరూ అనరు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి మొత్తం కొయ్యమన్నాను. ఎంత మేరకు కొయ్యాలని అడిగితే, "మంచి రేకు తగిలిందాకా" అన్నారు మేస్త్రి. సుద్దముక్కతో గీత గీశారు. కోస్తున్నకొద్దీ ఆ గీత ముందుకి జరిగింది. చివరికి ముందు సీటు కిందికి వచ్చింది. అక్కడా తుప్పే.

బ్యాటరీ తీగలు విప్పి, డీజిలు ట్యాంకు దించి దూరంగా పెట్టారు. కిందిది కోసేస్తే పక్క రేకులు వంగిపోకుండా రెంటికీ అడ్డంగా యాంగిల్ పట్టీలు అతికారు. గ్రైండరుతో తెల్లటి ఇనుము కనబడేదాకా అంచులు గీకారు. అట్టమీద కొలత తీసి 16 గేజి రేకు, అంటే 1.6 మిల్లీమీటర్లది, కత్తిరించారు. అడ్డఛానళ్ళు కూడా కొత్తవి. వెల్డింగు ఒక కొసన మొదలుపెట్టి వరసగా లాగలేదు. ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క. ఒకేచోట వేడి పెడితే రేకు మెలితిరుగుతుందట. తర్వాత అతుకులకి సీలరు, రెండు వైపులా జింకు ప్రైమరు. మూలల్లో నీళ్ళు పోవడానికి రంధ్రాలు వేసి, "ఇవి మటుకు ఎప్పుడూ ముయ్యబాకండి మేడమ్" అన్నారు.

రంగు వేసేముందు మేస్త్రమ్మని ఒకసారి వచ్చి చూడమని అడిగాను. ఆమె చుట్టూ తిరిగి చూశారు. "రేకు బాగుంది. పట్టుకోవడానికేముంది? ఎక్కడానికేముంది?" అన్నారు. ఎంత ఎత్తులో పెట్టాలని టింకరు మేస్త్రి నన్ను అడిగారు. ఆమెని అడగమన్నాను. "ఇక్కడా అమ్మా?" అని ఆయన పైపు పట్టుకుంటే, ఆమె కూర్చుని, చెయ్యి చాచి, ఇంకా కిందికి అన్నారు. రెండు పైపులు, వెనక ఒక మెట్టు. అరపూట పని. ముప్ఫై ఏళ్ళుగా మిగిలిపోయిన పని.

రేకు మారిస్తే లెక్క తీరిపోయిందని నేను అనుకోవడం లేదు. వాళ్ళకి కావలసింది మా మంచితనం మీద నడిచే జీపు కాదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైంది. మంచిదే. తెల్లవారుజామున మిరప చేను గట్టు దాకా వెళ్ళే బస్సు మా ఊరికి లేదు. ఆటోలూ ట్రాలీలే దిక్కు. జీపు రిజిస్ట్రేషన్ మాత్రం ఇంకో ఐదేళ్ళకి పొడిగించారు.

పని పూర్తయ్యాక బండి తెచ్చుకునే రోజు కూడా మేస్త్రమ్మ నాతో వచ్చారు. ముందు సీట్లో కూర్చోమన్నాను. "కొత్త రేకు ఎట్టుందో చూడొద్దా" అని మెట్టెక్కి వెనకే కూర్చున్నారు. హైవే దిగి మట్టిరోడ్డు మీదికి తిరిగాక అద్దంలో చూశాను. ఎడమ మూలన కూర్చుని పైపు పట్టుకుని ఉన్నారు. ఒకప్పుడు కన్నం ఉన్న చోటికి అటో కాలు, ఇటో కాలు.