పెరట్లో మీటర్‌గేజి

మా మామగారు నంద్యాల నుంచి లండన్‌లో మేముండే హారోకి వచ్చిన మూడో రోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్లారు. రెండు నెలలుగా నేను మురిసిపోతున్న ఇంజనుని ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు. తర్వాత పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసుకుని పట్టాల పొడవునా చూశారు. లేచి మట్టి దులుపుకుంటూ అన్నారు: "ఇంజనుదేముంది బాబూ, డబ్బుంటే ఎవరైనా కొంటారు. నీ లైను మాత్రం పాము పాకినట్టుంది."

ఆ మాటకి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. ఆయన రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు–గుంతకల్లు లైను మీటర్‌గేజిగా ఉన్న రోజుల్లో దిగువమెట్ట, చెలమ, బొగద మీదుగా నల్లమల ఘాట్లో ట్రాలీ మీద తిరిగిన మనిషి. రైలు చూస్తే మనకి ఇంజను కనిపిస్తుంది. ఆయనకి దాని కింద ఉన్నది కనిపిస్తుంది.

పెరట్లో రైలు వేసుకోవడం ఈ దేశంలో పాత పిచ్చే. బాయిలరు, గ్యాసు బర్నరు ఉండి నిజంగా ఆవిరితో నడిచే బుల్లి ఇంజన్లు దొరుకుతాయి. నీళ్లు మరిగే చప్పుడు, వేడి నూనె వాసన అన్నీ అసలుదానిలాగే. కొత్తది కొనాలంటే మాత్రం చాలావరకు వెయ్యి పౌన్ల పైమాటే. మా ఇంటి ఆర్థికమంత్రి వంద పౌన్ల దగ్గర గీత గీసింది. "అది దాటితే ఆ రైల్లోనే పడుకో" అంది.

సరే, ముందు పట్టాలు చూసుకున్నాను. బ్రిటన్‌లో చాలామంది 32 మిల్లీమీటర్ల పట్టా వేస్తారు. అడుగుకి 16 మిల్లీమీటర్లు లెక్కన రెండడుగుల గేజికి అది సరిపోతుంది. మన డార్జిలింగు రైలుది ఆ రెండడుగుల గేజే. రెండో రకం 45 మిల్లీమీటర్లది. న్యూరెంబర్గులోని లేమాన్ అనే బొమ్మల కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఎండకీ వానకీ తట్టుకునే రైళ్లు తెచ్చింది కదా, వాటి పట్టా ఇదే. ఆ బండ్లని అసలువాటిలో ఇరవై రెండున్నరో వంతు కొలతకి చేశారు. 45ని ఇరవై రెండున్నరతో హెచ్చవేసి చూశాను. వెయ్యీ పన్నెండున్నర మిల్లీమీటర్లు! మీటరు మీద వేలెడంత కూడా ఎక్కువ లేదు. అంటే చిన్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని బొగ్గునుసుకి కళ్లు నలుపుకున్న మన మీటర్‌గేజే. ఇంకేం ఆలోచించలేదు, ఎవరో అటక దించి అమ్మేస్తున్న ఇత్తడి పట్టాలు తెచ్చేసుకున్నాను.

ఎల్‌జీబీ పద్ధతిలో కరెంటు పట్టాల్లోంచే ఇంజనుకి అందుతుంది. ఇంట్లో కార్పెట్ మీద భేషుగ్గా ఉంటుంది. పెరట్లో అయితే ఇత్తడి నల్లబడుతుంది, మంచు కురుస్తుంది, ఆకులు రాలుతాయి. అన్నిటికంటే నత్తలు. రాత్రి నత్త పాకిన చోట పొద్దున్నకి పట్టా మీద వెండి జరీలా ఒక గీత మెరుస్తుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ అరువు తెచ్చుకున్న నా బండి సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయేది. రోజూ అరగంట పట్టాలు తోమి, పది నిమిషాలు రైలు నడపడం. అంట్లు తోముకున్నా పుణ్యం, పురుషార్థం ఉండేవి.

దీనికి విరుగుడు, కరెంటుని పట్టాల్లోంచి తీసేసి ఇంజను కడుపులో పెట్టడం. లోపల బ్యాటరీలు, చేతిలో రేడియో. ఇక పట్టాలు బండిని మోస్తే చాలు, వాటిని కరెంటు అడగక్కర్లేదు. ఈ రేడియో ఒకప్పుడు ఖరీదు వ్యవహారం. పొడుగాటి ఏరియలు, ఒక్కో బండికి ఒక్కో క్రిస్టలు. పక్కవాడి దగ్గరా అదే క్రిస్టలుంటే వాడి మీట నొక్కితే మన బండి కదిలేది. బొమ్మ కార్లవాళ్లు, విమానాలవాళ్లు 2.4 గిగాహెర్ట్జ్‌కి మారాక ఆ గొడవ పోయింది. వాళ్ల కోసం తయారైన సరుకే రైళ్లకీ పనికొచ్చి, రిసీవరు అగ్గిపెట్టెంతకి, ధర సినిమా టికెట్టంతకి దిగాయి. ఒక్క జాగ్రత్త. టీవీ రిమోటులాగా ఇన్‌ఫ్రారెడ్‌తో నడిచే బొమ్మ రైళ్లు ఇంకా చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఎండలోకి తెస్తే వాటికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

నేను కొన్నది విడిభాగాల పొట్లం. నాలుగు చక్రాలు, చిన్న మోటారు, ఒక ఇరుసుని తిప్పే పళ్లచక్రం, డీజిల్ షంటరు ఆకారానికి అతికించుకోవలసిన ప్లాస్టిక్ రేకులు. రిసీవరు, వేగం తగ్గించి పెంచే చిన్న పలక విడిగా తెచ్చాను. రీఛార్జి బ్యాటరీలు ఆరు, ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2. అన్నీ కలిపి తొంభై రెండు పౌన్లయింది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి ఇంజనయింది. కదిలింది కూడా. రెండు డబ్బాలు తగిలిస్తే మాత్రం చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి.

ఆ జబ్బు మామగారు వచ్చాక ఆయనే పట్టారు. "బరువేదయ్యా? ఖాళీ బండికి పట్టు ఎక్కడిది?" అన్నారు. సీసం కోసం వెతకబోతే వద్దని, డ్రాయరులో మూలుగుతున్న పాత తాళంచెవుల గుత్తి తెచ్చారు. ఈ దేశమొచ్చాక మేం మారిన అద్దె ఇళ్లవి, పోయిన సైకిళ్లవి, హైదరాబాదులో అమ్మేసిన బీరువాది. చక్రాల మీదకి వచ్చేలా వాటిని బానెట్లో సర్ది, గలగలమనకుండా గుడ్డపీలిక కుక్కారు. నాలుగు డబ్బాలు లాగింది.

వేల పౌన్ల ఇంజను బానెట్లో తాళంచెవులు కుక్కే ధైర్యం నాకుండేదా? ఖరీదైన వస్తువు అద్దాల బీరువాలోకి పోతుంది. చవకది చేతుల్లో ఉంటుంది. దాన్ని విప్పొచ్చు, చెడగొట్టొచ్చు, పక్కింటి పిల్లాడి చేతికి రిమోటు ఇచ్చి లోపలికెళ్లి టీ పెట్టుకోవచ్చు.

చెడగొట్టడమంటే గుర్తొచ్చింది. ఒక సాయంత్రం ఆట ముగించి ముందు రిమోటు ఆపాను. ఆగి ఉన్న ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి, పూర్తి వేగంతో బయల్దేరి, మలుపు దగ్గర పట్టా వదిలి కలువల తొట్టిలో దూకింది. తప్పు నాదే. సిగ్నలు తెగితే ఏం చెయ్యాలో రిసీవరు రిమోటుతో జత కట్టేటప్పుడే నేర్చుకుంటుంది. నేను జత కట్టినప్పుడు మీట ముందుకి తోసి ఉందిట. అది బుద్ధిగా దాన్నే గుర్తుపెట్టుకుంది. మళ్లీ మీట సున్నాలో ఉంచి జత కట్టాను. అప్పటినుంచి ముందు ఇంజను ఆపుతాను, తర్వాతే రిమోటు. ఆ రాత్రి ఇంజను బియ్యం డబ్బాలో పడుకుంది. మర్నాటికి లేచి నడిచింది.

"తొట్టిలో పడింది రేడియో వల్ల కాదు" అన్నారు మామగారు. "లైను బాగుంటే మలుపు తిరిగి వచ్చేసేది." ఆ మర్నాటి నుంచి రైల్వేలో ఉన్నట్టే పని మొదలైంది. ఒక చెక్కముక్కని సరిగ్గా 45 మిల్లీమీటర్లకి కోసి, పట్టాల మధ్య పెట్టి, ప్రతి అతుకు దగ్గరా జరుపుకుంటూ పోయారు. పిడికెడు మట్టి తీసి నలిపి, "మా నల్లరేగడికి పినతల్లి కూతురు" అని తేల్చారు. నిజమే, హారో మట్టి లండన్ బంకమన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దాని మీద పెట్టినదాన్ని ఊపుతుంది. జానెడు లోతు కాలవ తవ్వించి కంకర పోయించారు. "నీళ్లు నిలిస్తే లైను నిలవదు" అన్నది ఆయన మంత్రం. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూశాం. ఎత్తు నలభై అంగుళాలకి ఒక అంగుళం మించకూడదన్నారు. స్లీపర్ల కింద కంకర కూరడానికి గ్యాంగ్‌మన్ల దగ్గరుండే పనిముట్టు ఇక్కడెక్కడ దొరుకుతుంది? మా అత్తగారు నంద్యాల నుంచి మోసుకొచ్చిన అట్లకాడ ఆ పనికి కుదిరింది. వారం రోజులు మా ఇంట్లో దోసెలు లేవు. ఇద్దరి మోకాళ్లకీ అమృతాంజనం.

ఎనిమిదో రోజు అదే ఇంజను, అవే తాళంచెవులు, అవే నాలుగు డబ్బాలు. మలుపు దగ్గర ఊపిరి బిగబట్టాను. బండి అటు ఒరగలేదు, ఇటు ఊగలేదు. అంతకుముందు పట్టా తప్పిన ప్రతిసారీ చవక ఇంజను బుద్ధి ఇంతేనని తిట్టుకుని, ఖరీదైనవాటి ఫోటోలు చూస్తూ కూర్చునేవాణ్ణి. వెయ్యి పౌన్లది తెచ్చినా అదే అతుకు దగ్గర, అదే తొట్టిలో దూకి ఉండేది. తేడా ఒకటే, అప్పుడు నేనూ వెనకాలే దూకేవాణ్ణి.

మామగారు వెళ్లిపోయి ఆరు నెలలైంది. రోజూ పొద్దున్న కీమన్‌లాగా లైను చివరిదాకా ఒకసారి నడిచి, నత్తలని ఏరి పక్కన వేస్తాను. ఆదివారం ఫోన్లో ఆయన మనవరాలి చదువు కంటే ముందు ఆ మలుపు సంగతి అడుగుతారు, నీళ్లేమైనా నిలుస్తున్నాయా అని. ఇంజను గురించి మాత్రం ఇంతవరకు ఒక్కమాటా అడగలేదు.

మొన్న మా ఆవిడ లెక్కలు చూసింది. ఇంజను తొంభై రెండు పౌన్లు, గీత లోపలే ఉంది. మెచ్చుకోలుగా తలూపింది. కంకర లెక్క ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.