మా పెరటి దడి

ఈసారి గోడ పత్రికకు నన్ను ఏదైనా రాయమన్నారు. నాకు కవితలు రావు. అందుచేత దసరా సెలవుల్లో మా పెరటి దడి ఎలా బాగు చేసుకున్నామో రాస్తున్నాను. దడి గురించి కూడా వ్యాసం రాస్తారా అని నవ్వకండి. ఆ దడి నిలబడకపోతే నేను ఇప్పుడు మీతో పాటు ఈ గోడ ముందు ఉండేదాన్ని కాదు.

మాది కూనవరం వైపు, శబరి ఒడ్డున కోయ ఊరు. మా ఇంట్లో పేరు రాసేది నేనొక్కదాన్నే. అమ్మది వేలిముద్ర. మా పెరట్లో చిక్కుడు, బీర, వంగ, మిరప ఉంటాయి, ఒక మూల పసుపు. సంతకు పోయి కూర కొనే ఇల్లు కాదు మాది. చిక్కుళ్లు ఎక్కువ కాస్తే అమ్మే సంతకు పట్టుకెళ్లి అమ్ముతుంది. నేను హాస్టలుకి తెచ్చుకునే సబ్బులు, కొబ్బరి నూనె ఆ డబ్బులతో కొన్నవే.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. అప్పుడు శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్ని మా ఊళ్లోకి వచ్చేసినయ్. ఎదురింటి తాత 1986 వరద కూడా చూశాడు. అప్పుడు 75.6 అడుగులు. ఆ లెక్కలు తాత ఎప్పుడూ చెబుతూ ఉంటాడు, మాకు ఎక్కాలు వచ్చినట్టు ఆయనకు అవి వచ్చు. 2022 వరదలో మా దడి మొత్తం కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక మా అయ్య చేతికి దొరికిన కర్రలు పాతి మళ్లీ కట్టాడు. ఈ సంవత్సరం వానలకి అవి ఒక్కొక్కటే ఒరిగిపోయినయ్. నేను సెలవులకి ఇంటికి పోయేసరికి దడి లేదు, దడి ఉన్న గుర్తులు ఉన్నాయి. పందులకు కింద సందు కావాలి, మేకలకు పైన సందు కావాలి. ఆవులకు ఏ సందూ అక్కర్లేదు, కొమ్ముతో నెట్టుకుని వచ్చేస్తాయి. బీర పాదు అప్పటికే అయిపోయింది. స్నానానికి కూడా ఆ దడే మాకు చాటు. ఆ మాట ఎక్కువ రాయను, మీకు తెలుసు.

అయ్య బోరు లారీ మీద పనికి పోయాడు, సంక్రాంతికి గాని రాడు. అమ్మ కూలికి పోతుంది. అందుకని అమ్మ నాతో, "సెలవులయినా నువ్వు ఉండిపోవే. పెరడు ఎవరు కాస్తారు? అయ్య వచ్చాక పోదువు" అంది. అమ్మ కోపంగా అనలేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. మా పక్కింటి అక్క కూడా ఎనిమిదో తరగతిలో పంట కోతల దాకా అని ఆగింది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు.

కూలికి మనిషిని అడిగితే రోజుకి 500 రూపాయలు, అన్నం కాక, ఇద్దరు కావాలన్నాడు. అమ్మ దగ్గర అంత లేదు. ఒకామె అయితే, "పోలవరం ముంపు ఊళ్లో దడి ఎందుకే" అంది. అమ్మ, "ముంపు వచ్చేదాకా తినొద్దా?" అంది. ఆమె ఇంకేమీ అనలేదు.

అప్పుడు నేను తాత దగ్గరికి పోయాను. తాతకు కాలు బాగుండదు, గునపం పట్టలేడు. కాని కర్ర సంగతి ఊళ్లో ఆయనకే తెలుసు. మంచం మీంచి లేచి కర్ర పోటేసుకుంటూ వచ్చి, పడిపోయిన గుంజ ఒకటి పీకించి చూశాడు. "పైన బాగానే ఉంది చూడు. చెద నేల దగ్గరే తింటుంది. కుళ్లింది కోసేసి మిగతాది పాతండి" అన్నాడు. నేనైతే అన్నీ పారేసి కొత్తవి తేవాలేమో అనుకున్నాను.

నేను తాడుతో కొలిచాను. చుట్టూ 96 మూరలు వచ్చింది. మూడు మూరలకి ఒక గుంజ అంటే 32 గుంజలు. పాతవాటిలో మొదలు కోస్తే పనికొచ్చేవి 19. మా మేనమామ పాత ఇల్లు ఆ వరదలోనే కూలింది, దాని వాసాలు 9 ఇచ్చాడు. మిగతా నాలుగు చోట్ల తాత అడవి ఆముదం కొమ్మలు పాతమన్నాడు. దాన్నే కొందరు నేపాళం అంటారు. కొమ్మ పాతితే చాలు చిగురిస్తుంది, మేక ముట్టదు. దాని గింజలు విషం, చిన్న చెల్లెళ్లు ఎవరూ నోట్లో పెట్టుకోకండి.

మరి మనుషులు? మా అత్త ఇంట్లో కూడా మామ ఊళ్లో లేడు, వాళ్ల పశువుల దొడ్డి దడి కూడా పడింది. తాత ఇంటి వెనక కూడా అంతే. మా అత్త కూతురు వేరే హాస్టలులో చదువుతుంది, అదీ సెలవులకి వచ్చింది. బదులు పని చేద్దామని నేనే అడిగాను. ఈరోజు మీరు మా ఇంటికి, రేపు మేము మీ ఇంటికి. ఇది కొత్తదేమీ కాదు, నాట్లప్పుడు ఊరంతా చేసేదే. కాని దడి మగవాళ్ల పని అని ఎవరూ అడగలేదు. నా రఫ్ నోటు చివరి పేజీలో మూడు ఇళ్లు రాసి, ఒక పూట పనికి ఒక గీత పెట్టాను. అత్త ఆ గీతలు రోజూ చూపించమనేది. చదవటం రాకపోయినా గీతలు మాత్రం లెక్కపెట్టుకునేది.

మొదటి రోజు వెదురుకి పోయాం. మోసుకొస్తుంటే దారిలో ఒకాయన ఆపి, "ఎవరిని అడిగి కోశారు?" అన్నాడు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి అని, దాన్ని తెచ్చుకుని వాడుకునే హక్కు అడవిని నమ్ముకున్న మాకు ఉందని సాంఘిక శాస్త్రం మేడం చెప్పిన మాట నేను చెప్పాను. గొంతు వణికింది గాని చెప్పాను. ఆయన ఏ స్కూలు అని అడిగాడు. చెప్పాను. పొమ్మన్నాడు. చట్టానికి వదిలాడని నేను అంటాను. ఎండ ఎక్కువగా ఉందని వదిలాడు అని అత్త అంటుంది.

రెండో రోజు గుంజలు. మొదలు తోలు తీసి, మంటలో నల్లగా అయ్యేదాకా కాల్చి, మూరన్నర లోతు గుంటలో పెట్టి, చుట్టూ రాళ్లు వేసి పాత రోకలితో దట్టించాం. కాల్చిన కర్రకు చెద తొందరగా రాదని తాత మాట. నా అరచేతుల్లో బొబ్బలు వచ్చినయ్. మూడో రోజు వెదురు చీల్చి బద్దలు అల్లాం, అడ్డ తీగ నారతో కట్టాం. కింద పంది దూరకుండా అడుగు ఎత్తున ముళ్లు కుక్కాం. పొద్దస్తమానం తాత మంచం మీంచి, "బిగించండే, అది దడి, జడ కాదు" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం మంద నుంచి వస్తూ ఒక ఆవు తిన్నగా మా దడి దగ్గరికి వచ్చి కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది. దడి ఊగింది గాని పడలేదు. ఆవు ఇంకో పోటు పొడిచి వెళ్లిపోయింది. అమ్మ కాసేపు అటే చూసి, ఇంట్లోకి పోయి అటక మీద ఉన్న నా పెట్టె కిందకి దించింది. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

తరువాత అత్త దొడ్డికి రెండు రోజులు, తాత ఇంటికి ఒక రోజు చేశాం. లెక్క ప్రకారం అత్తకి నేను ఇంకా రెండు గీతలు బాకీ. సంక్రాంతికి పోయి తీర్చాలి. ఆ కాగితం చింపి అత్తకే ఇచ్చి వచ్చాను.

వెదురును ఏటిలో కొన్నాళ్లు నానబెడితే పురుగు పట్టదని తాత చెప్పాడు, మాకు అన్ని రోజులు లేవు. అమావాస్య దగ్గర కోసినా పట్టదట. నానబెడితే వెదురులోని పిండి పదార్థం పోతుందని, పురుగు దాని కోసమే వస్తుందని సైన్సు మేడం చెప్పారు. అమావాస్య సంగతి మాత్రం మేడం నవ్వి ఊరుకున్నారు. మీ ఊళ్లలో గుంజకు చెద పట్టకుండా ఏం చేస్తారో ఈ కాగితం కింద ఖాళీ ఉంచాను, పెన్సిలుతో అయినా రాయండి. సంక్రాంతికి తాతకు చదివి వినిపిస్తాను.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని