మొన అరిగిన రంపం



మేము 40 ఏండ్లు రేడియోలు బాగుచేసి బ్రతికినవారము. తప్పు కనబడితే మా చేతులు ఊరుకోవు. పోయిన ఏడు అమెరికాలో మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు వాడు పాత మినీమూగ్ సింథసైజరును బాగుచేస్తున్నాడు. రాబర్ట్ మూగ్ గారి కంపెనీ 1970లో న్యూయార్క్ రాష్ట్రంలో తయారుచేసిన వాయిద్యమది.

దానిలో స్వరం పుట్టించే ఆసిలేటర్లు 3. ఒక కెపాసిటరు మెల్లగా నిండి గభాలున ఖాళీ అవుతుంది, సెకనుకు వందలసార్లు. కాగితం మీద ఆ తరంగం రంపపు పళ్లవలె సూటిగా ఉంటుంది. ఆసిలోస్కోపులో చూస్తే మొనలు అరిగినట్లున్నవి. ఖాళీ కావడానికి కూడా కొంత సమయం పట్టును గదా! పైగా గది వేడి మారితే ట్రాన్సిస్టర్ల నడక మారి శ్రుతి జరుగుతుంది.

“ఇది సరిచేద్దాం రా” అన్నాము.

“ముందు వినండి నాన్నా” అన్నాడు.

రెండు ఆసిలేటర్లు కలిపి మీట నొక్కాడు. ఒకటి 440, మరొకటి 441 చొప్పున కంపిస్తే సెకనుకొకసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. ఊపిరి తీస్తున్నట్లున్నది. తరువాత కంప్యూటరులో ఏ తేడా లేని స్వరం వినిపించాడు. అది రేకులాగా చప్పగా ఉన్నది. అందుకే కంప్యూటరు వాయిద్యాలు చేసేవారు నేడు ఆ తేడాలను పనిగట్టుకొని చేర్చుతున్నారట.

“చెడిన భాగం మారుస్తాను నాన్నా, దాని గొంతు మార్చను” అన్నాడు.

చిన్నప్పుడు లెక్కలు వదిలి హార్మోనియం పట్టుకున్నాడని వాణ్ణి ఎన్నిసార్లు కొట్టామో జ్ఞాపకమొచ్చింది. స్క్రూడ్రైవరు వాడి చేతికిచ్చి ప్రక్కన కూర్చున్నాము.