రాని పిల్లల పుస్తకం

నెల్లూరు నుంచి కావలి వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, కోవూరు దాటాక వచ్చే మండలం కొడవలూరు. రెండు వైపులా పెన్నా డెల్టా మాగాణి. నేను వెళ్లింది మార్చి నెలాఖర్లో. కోత మిషన్లు మళ్లలో తిరుగుతున్నాయి. రోడ్డు అంచున పట్టల మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇక్కడ ధాన్యాన్ని ఇప్పటికీ పుట్లలోనే చెప్పుకుంటారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఇంత పంట పండే నేల మీదే ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేస్తున్న పిల్లలున్నారు. వాళ్ల వెంటపడి మళ్లీ బడి దారి పట్టిస్తున్న మనుషులూ ఉన్నారు. ఆ మనుషుల్ని చూడాలని వెళ్లాను. పిల్లల బతుకులతో ముడిపడిన సంగతి కనుక ఎవరి పేరూ, ఏ కాలనీ అన్నదీ ఇక్కడ రాయడం లేదు.

పంటకాలవ గట్టు వెంబడి కొంతదూరం పోతే గిరిజన కాలనీ. ఉండేవాళ్లంతా దాదాపు యానాదులే. సాయంత్రం ఆరు దాటింది. కాలనీ మధ్యలో రేకుల వరండా, ఒక ట్యూబ్‌లైటు, గోడకు ఆనించిన నల్లబల్ల. పట్టల మీద పాతిక ముప్పై మంది పిల్లలు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. వెనక వరసలో ఇద్దరు మగపిల్లలకు అప్పుడే మీసాలు వస్తున్నాయి.

చెప్పేవాళ్లు ముగ్గురు. ఒకామె ఈ కాలనీలో పుట్టి పెరిగి, డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయి. పిల్లలకు ఆమె 'అక్క'. రెండో అతను పగలంతా కరెంటు పనులు చేసుకుని సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటాడు. మూడో ఆయన పక్క ఊళ్లో ఉండే రిటైర్డ్ టీచరు. మోపెడ్ మీద వస్తారు. అందరికీ ఆయన 'అయ్యవారు'. ముగ్గురిలో ఎవరికీ దీనికి జీతం లేదు.

నన్ను కూర్చోబెట్టాక అక్క మొదట చూపించింది ఒక పొడుగాటి లెడ్జరు. హాజరు పట్టీ అనుకున్నాను. తెరిచి చూస్తే అందులో వచ్చిన పిల్లల పేర్లు లేవు, రానివాళ్ల పేర్లే ఉన్నాయి. పేజీకి నాలుగు గడులు: తేదీ, పేరు, ఎందుకు రాలేదు, ఎవరు పోయి కనుక్కున్నారు. మూడో గడిలో రాతలు చదువుతూ పోతే కాలనీ బతుకంతా కనబడింది. 'నాయనతో గుంట కాడికి పోయినాడు.' 'చెల్లిని ఎత్తుకోను ఇంట్లో ఉండాది.' 'బడిలో కొట్టినారంట.' 'నోటుబుక్కు లేదు, సిగ్గు.' 'ఎలకలు పట్టను.' ఒకచోట ఒక్క మాటే: 'పెళ్లిచూపులు.'

"నాలుగో గడి ఖాళీగా ఉండకూడదు. మేం పెట్టుకున్న రూలు అదొక్కటే" అంది అక్క. "మూడు దినాలు ఎవురూ అడక్కపోతే, నాలుగో దినానికి వాడికే అనిపిస్తాది సార్, నేను పోకపోయినా ఎవురికీ ఏం కాదులే అని. ఇంక వాడు రాడు."

ఆ మాటలో ఉన్న పని ఎంత పెద్దదో తెలియాలంటే రొయ్యల గుంటల సంగతి తెలియాలి. కొడవలూరుకు తూర్పున విడవలూరు, అల్లూరు వైపు సముద్రం దగ్గరపడే కొద్దీ వరి మళ్లు పోయి గుంటలు వస్తాయి. 1990ల నుంచి ఈ తీరమంతా రొయ్యల సాగు పరుచుకుంది. గుంటకు రాత్రీ పగలూ కాపలా కావాలి. మేత చల్లాలి, చెక్ ట్రేలు తీసి మేత ఎంత తిన్నాయో చూడాలి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా కనిపెట్టుకోవాలి. ఆ పనికి యజమాని ఒక కుటుంబానికి అడ్వాన్సు ఇచ్చి తెచ్చుకుంటాడు. మూడు నాలుగు నెలల పంట అయ్యేదాకా ఆ కుటుంబం గట్టు మీద గుడిసెలోనే. జీతం తండ్రి పేరు మీద. తల్లి పని, పిల్లవాడి పని ఏ లెక్కలోనూ ఉండవు. అడిగితే 'నాయనకు సాయం చేస్తా ఉండాడు' అంటారు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. సొంత కుటుంబపు పనికి బడి వేళలు అయ్యాక సాయం చేయడానికి మాత్రం వీలుంచారు. గుంట ఆ కుటుంబానిది కాదు. రాత్రంతా మేలుకున్న పిల్లవాడికి బడి వేళ అంటూ మిగలదు. అయినా 'సాయం' అనే మాట చాటున ఆ పని నడిచిపోతూనే ఉంది.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం భోజనం పెట్టి పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత వేసవి సెలవులు, జూన్ దాకా. చేతికి పని దొరికి, నాలుగు డబ్బులు కళ్లజూసిన పిల్లవాడు జూన్‌లో మళ్లీ పుస్తకాల సంచీ ఎత్తుకోవడం కష్టం. అందుకే ఈ ముగ్గురికీ మార్చి నుంచి జూన్ దాకా క్షణం తీరిక ఉండదు. కుటుంబం గుంటకు కదిలే ముందే వాళ్లింటికి పోయి కూర్చుంటారు. "మీరు పొండి, బిడ్డని అవ్వ కాడ వదిలిపెట్టండి, అన్నం సంగతి మేం చూసుకుంటాం" అని బతిమాలతారు. కొందరు వింటారు, కొందరు వినరు. వినని వాళ్ల మీద కూడా అక్కకు కోపం లేదు. అడ్వాన్సు తీసుకున్న మనిషికి కాదనే స్వతంత్రం ఉండదని ఆమెకు తెలుసు.

అయ్యవారి లెక్కల పాఠం చాలాసేపు విన్నాను. ఆయన బల్ల మీద 'కౌంట్' అని రాసి, "రొయ్యలకి రేటు దేన్ని బట్టి కడతారురా?" అని అడిగారు. వెనక వరస ఒక్కసారిగా లేచి కూర్చుంది. వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు. "అట్టయితే ఒక రొయ్య ఎంత బరువు?" పది గ్రాములు. "యాభై కౌంట్ అయితే?" ఇరవై. "నలభై?" అక్కడ తరగతంతా ఆగింది. మీసాలు వస్తున్న ఇద్దరిలో ఒకడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "ఇరవై అయిదు" అన్నాడు. అంకె తగ్గే కొద్దీ రొయ్య ఎందుకు పెరుగుతుందో, రేటు ఎందుకు పెరుగుతుందో వాడి చేతే చెప్పించారు. విలోమానుపాతం అనే మాట చివర్లో మాత్రమే బల్ల మీదికి వచ్చింది. తర్వాత అయ్యవారు ఇంకో లెక్క ఇచ్చారు: ఇరవై వేల అడ్వాన్సు, నెల జీతంలో ఇంత కోత, మధ్యలో బియ్యానికి ఇంత అప్పు, పంట అయ్యేనాటికి బాకీ ఎంత? ఆ లెక్క చేస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అది చాలామంది ఇళ్లలో నడుస్తున్న లెక్కే. యజమాని పుస్తకంలో ఉన్న బాకీ సరైనదో కాదో చదివి చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరున్నా ఆ కుటుంబం మోసపోదు అన్నది అయ్యవారి నమ్మకం.

నేను విన్న ఈ పాఠానికి ఈ ప్రాంతంలో పాత వేళ్లున్నాయి. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల్ని, తెగల్ని పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసింది. నెల్లూరు సీమలో ఆ ముద్ర యానాదుల మీద కూడా పడింది. దాన్ని చెరపడానికి నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పాటుపడ్డారు. ఆదిమజాతి సేవక్ సంఘం ద్వారా గిరిజన పిల్లల చదువు కోసం పనిచేశారు. యానాదుల మీద 1962లో ఇంగ్లీషులో పుస్తకం వెలువరించారు. దేశమంతటా ఆ చట్టం ముద్ర 1952లో తొలగిపోయింది. రాఘవయ్యకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. పొరుగునే విడవలూరు మండలం అలగానిపాడు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన ఊళ్లో కూలీలను కూడగట్టి రాత్రిబడి నడిపింది అక్కడే. పాత కోవూరు తాలూకాలోనే పురిణి అనే ఊరుంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య 1889లో పుట్టిన ఊరు అది. ఆయన పేరు మీద 1981లో ఎం.వి. ఫౌండేషన్ ఏర్పడింది. ఆయన మనవరాలు శాంతా సిన్హా 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిపిల్లల్ని శిబిరాలకు తెచ్చి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించే పద్ధతిని నిలబెట్టారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కలోకే వస్తుందన్నది ఆ సంస్థ పట్టిన పట్టు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

1991లో నెల్లూరు జిల్లాలో నడిచిన అక్షరాస్యతా ఉద్యమం అక్షరదీపం ఇంకా దగ్గరి జ్ఞాపకం. ఊరూరా చదువుకున్న కుర్రకారు జీతం లేకుండా రాత్రిళ్లు లాంతరు వెలుగులో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పారు. ఆ తరగతుల్లో కూడిన ఆడవాళ్లే దూబగుంట అనే ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఇక్కడి వరండాలో తరగతి నడుస్తుంటే బయట అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ, "అప్పుడు నేనూ పలక పట్టినా" అని చెప్పింది. ఆమె మనవడు లోపల రెండో వరసలో ఉన్నాడు.

చిన్నపిల్లల్ని నిలబెట్టడం ఒక ఎత్తు, పద్నాలుగు దాటిన వాళ్లను నిలబెట్టడం ఇంకో ఎత్తు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది. మందు, గంజాయి, ఫోన్‌లో పందేలు ఆ వయసులోనే పలకరిస్తాయి. కరెంటు పని చేసే అన్న బాధ్యత ఈ పెద్దపిల్లలే. ఆదివారాలు వాళ్లతో కబడ్డీ ఆడతాడు. పనికి పోయేటప్పుడు ఒకరిద్దరిని వెంట తీసుకుపోయి వైరింగ్ చూపిస్తాడు, కరెంటు ఉన్న తీగను మాత్రం ముట్టనివ్వడు. పది తప్పిన వాళ్ల చేత సార్వత్రిక విద్యాపీఠానికి ఫీజు కట్టించి పరీక్ష రాయిస్తాడు. ఈ మండలంలోనే రాచర్లపాడు దగ్గర ఇఫ్కో కిసాన్ సెజ్ ఉంది. "ఆ గేటు కాడికి పోతే ముందు అడిగేది పది పాసయినావా అనే అన్నా. అందుకనే పది దాకా ఒక్కణ్ణీ వదిలేది లేదు" అన్నాడు నాతో.

హాస్టల్లో, గురుకులంలో చేర్పించడంతో వీళ్ల పని అయిపోదు. మొదటి నెలలోనే చాలామంది పారిపోయి వస్తారు. ఇంటి మీద బెంగ, తోటిపిల్లల ఎగతాళి, రుచించని తిండి. వచ్చిన పిల్లవాణ్ణి తిట్టకుండా రెండు దినాలు ఇంట్లో ఉండనిచ్చి, మళ్లీ తనే తీసుకుపోయి దిగబెడుతుంది అక్క. వార్డెనుతో మాట్లాడుతుంది, వీలున్న ఆదివారం పోయి చూసి వస్తుంది. "రెండోసారి పారిపోయి రాడు సార్. వాడి కోసం ఒకరు వస్తారని తెలిసిపోతాది కదా."

ఆడపిల్లల సంగతి ఇంకా సున్నితం. లెడ్జరులో 'పెళ్లిచూపులు' అని రాసిన పేరు ఎదురుగా నాలుగో గడిలో అక్క సంతకం పదకొండు సార్లు ఉంది. అన్నిసార్లు ఆ ఇంటికి పోయింది. చట్టం పేరు చెప్పి బెదిరించలేదు. పిల్ల తల్లితో కలిసి కట్టెలకు పోయింది, నీళ్లకు పోయింది, తన కథ చెప్పుకుంది. పెళ్లి ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి.

వీళ్లు చేయలేనివి కూడా చూశాను. తండ్రి తీసుకున్న అడ్వాన్సును వీళ్లు తీర్చలేరు. పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ రాని బిడ్డ కోసం, ఆధార్ లేక తల్లి ఖాతాలో పడని 'తల్లికి వందనం' పథకం డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరగగలరు గాని ఆ కాగితం తాము ఇవ్వలేరు. అవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. దాన్ని అమలు చేసే అధికారం కలెక్టరు, ఆయన కింది అధికారుల చేతుల్లో ఉంది.

చూసి వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఇది: ఈ సీమలో బళ్లకు, పథకాలకు కొదవ లేదు. పిల్లవాడు రాకపోతే ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి ఎందుకు రాలేదని అడిగే మనిషికే కొదవ. ఆ మనిషి పిల్లవాడి వీధిలోంచే రావాలి, వాడి బతుకు తెలిసి ఉండాలి. ఆ పని చేయగలిగిన వాళ్లు కాలనీల్లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను వెతికి, గౌరవ వేతనం ఇచ్చి, బడితో కలిపి పనిచేయించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

మనం చేయగలిగినదీ ఉంది. బడి వేళ గుంట గట్టు మీదో, హోటల్లోనో, మెకానిక్ షెడ్డులోనో పిల్లవాడు కనిపిస్తే చూసీచూడనట్టు పోకండి. పేరు అడగండి, ఏ బడి అని అడగండి, 1098కి ఫోన్ చేయండి. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్నవాళ్లు, రిటైరైన టీచర్లు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. ఒక లెడ్జరు కొని నాలుగు గడులు గీయండి. నాలుగో గడిలో మీ పేరు రాయండి.