మనవి చేసికొను హక్కు

చిక్కబళ్ళాపురమునకు సమీపముననే నందికొండ గలదు. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేనలు ఫిరంగులతో ఆ దుర్గమును పట్టుకొన్నవి. పిమ్మట 1831 మొదలు 1881 వరకు మైసూరు రాజ్యమును ఆంగ్లేయ కమీషనర్లే పాలించిరి. పరాయి సేనను నమ్ముకొని ఏలువానికి ప్రజలు అర్జీ పెట్టుకొనవచ్చును గాని, దానిని వినుట వాని దయ. 1881లో దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పెను. ఆ సభ్యులు కష్టములు చెప్పుకొనగలిగిరే గాని శాసింపజాలకపోయిరి. 1938 ఏప్రిల్ 25న మన విదురాశ్వత్థములో జెండా ఎత్తగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. పలువురు అసువులు బాసిరి.

ఈ చరిత్రను తరగతిలో చెప్పుచునే మేమొక పొరపాటు చేసితిమి. పొరుగు రాష్ట్రములో శిక్షణ పొంది ఇచటికి వచ్చిన క్రొత్తలో, బాగేపల్లి ప్రక్క పల్లె నుండి ఒక పెద్దాయన మా కడకు వచ్చెను. చెరువు తూము పాడై దిగువ మళ్ళకు నీరు పారుట లేదు. "తెలుగులో రాస్తే వాళ్లు సదువుతారా అయ్యవారూ?" అని అడిగెను. మేము విచారింపకయే "చదువరు" అంటిమి. ఆయన కన్నడములో మరియొకరిచే వ్రాయించి, తాను చదువలేని కాగితముపై తెలుగున సంతకము చేసెను. కొన్నినెలలకు చెరువు కట్టపై మన్ను పోసిపోయిరి. తూము మాట ఆ అర్జీలో లేనే లేదు!

తరువాత మేము రాజ్యాంగమును తెరచి చూచితిమి. 350వ అధికరణము ప్రకారము, రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఎవరైనను తమ కష్టమును ఏ అధికారికైనను విన్నవించుకొనవచ్చును. 1956లో చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు రాష్ట్రములు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ఇవి దయలు కావు, హక్కులు. మాకు తెలియనందున ఒక రైతు తన హక్కును పోగొట్టుకొనెను.

విద్యార్థులారా! కన్నడమును చక్కగా నేర్చుకొనుడు. అది మన రాష్ట్రభాష, ఇరుగుపొరుగు వారి భాష. అయితే తెలుగున అర్జీ వ్రాయుటయు నేర్వుడు. తేదీ, ఊరు, కష్టము, కోరిక స్పష్టముగా నుండవలెను. ఒక ప్రతి మీకడ నుంచుకొనుడు. చదువక సంతకము చేయకుడు. మీ తలిదండ్రులకు చదివి వినిపింపుడు.

ఆ పెద్దాయన చేత మరల అర్జీ పెట్టించితిమి, ఈసారి తెలుగులో. ఆయన దానిని రెండుమార్లు తానే పైకి చదువుకొని సంతకము చేసెను. తూము ఇంకను బాగుపడలేదు. కాని ఈ కాగితములో తూము మాట ఉన్నది.