ఈ పొద్దు నేను సావను

సంచికకు ఏదైనా రాసిమ్మని తమ్ముళ్ళు అడగ్గానే నా పాత ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో బట్టలకన్నా పాత పుస్తకాలే ఎక్కువుండేవి.

నేను 1985లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. అప్పుడు మన ఆత్మకూరు కర్నూలు జిల్లాలో ఉండేది. నంద్యాల జిల్లాలోకి వచ్చింది 2022లో. సబ్బు, నూనె డబ్బుల్లో మిగిలిన రూపాయితో పాత పేపర్ల అంగట్లో బొమ్మల పుస్తకాలు కొనేవాణ్ణి. ఒకసారి అట్ట చిరిగిన ఇంగ్లీషు కౌబాయ్ పుస్తకం దొరికింది. చదవడం రాదు. బొమ్మలు చూసి కథ మేమే అల్లుకునేవాళ్ళం. కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' 1971 నాటి సినిమా. అది టూరింగ్ టాకీసులో చూశాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది.

ఆదివారమొస్తే అదే ఆట. మెడకు తువ్వాలు, చేతిలో చెక్క తుపాకీ. కౌబాయ్‌లకు శత్రువు కావాలి కదా! బైర్లూటి వైపు నుంచి వచ్చిన ఒక చెంచు పిల్లాణ్ణి అడవి మనిషిని చేసేవాళ్ళం. మేం కాల్చాలి, వాడు పడాలి. ప్రతి ఆదివారమూ వాడే చచ్చేవాడు. ఊళ్ళో మమ్మల్ని దూరంగా నిలబెడితే ఎంత మండేదో మాకు తెలుసు. అయినా వాడి సంగతి మాకెవరికీ తట్టలేదు.

తర్వాత పాత చందమామలు దొరికాయి. వాటిలో 'శిథిలాలయం' సీరియల్. స్టడీ అవర్ అయ్యాక నేను పైకి చదివేవాణ్ణి, అందరూ చిత్రా గారి బొమ్మల మీద వాలేవాళ్ళు. అందులో వీరుడు శిఖిముఖి, అడవిపల్లె బిడ్డ. వాడు నోరు మెదపకుండా విన్నాడు. మరుసటి ఆదివారం తుపాకీ ఎత్తగానే అడ్డం నిలబడి అన్నాడు: "ఈ పొద్దు నేను సావనప్పా. నేనే శిఖిముఖి."

మాకెవరికీ నోట మాట రాలేదు. ఆ రోజుతో కౌబాయ్ ఆట ఆగిపోయింది.

ఆ ఏడు శివరాత్రికి యాత్రికులతో కలిసి శ్రీశైలం నడిచాం. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను దారిలో ముందు నడిచింది వాడే. చెట్టు మీద ఎలుగుబంటి గీరిన గుర్తులు చూపించాడు. మేం పుస్తకంలో వెతుక్కున్న అడవి వాడి ఇంటి వాకిలి!

ఆ కథ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని పెద్దయ్యాకే తెలిసింది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి చందమామకు డజను దాకా సీరియళ్ళు రాశారు. వాటి మీద ఆయన పేరు వేయలేదు. 2010లో కన్నుమూశారు. మా హాస్టల్లో ఒక పిల్లాడు తల ఎత్తి నిలబడింది తన కథ వల్లనేనని ఆయనకు తెలిసే దారి లేదు.

తమ్ముళ్ళూ, చందమామ ఇప్పుడు రావడం లేదు. కానీ మీ ఆటలూ మీకున్నాయి, మీ కథలూ మీకున్నాయి. వాటిలో ఎప్పుడూ ఎవరు చస్తున్నారో ఒక్కసారి చూసుకోండి. వచ్చే ఆదివారం వాణ్ణి వీరుణ్ణి చేయండి.